థర్మోకోల్ పగడాలు చాలు, మన మడ అడవి చూపిద్దాం

సైన్స్ ఎగ్జిబిషన్ అనగానే ఒక పగడపు దిబ్బ మోడల్ తప్పకుండా ఉంటుంది. థర్మోకోల్, ఫెవికాల్, మెరిసే రంగులు, పక్కన ఒక చార్ట్. చాలాసార్లు అది రాత్రి పదకొండింటి దాకా అమ్మానాన్నలు కూర్చుని అతికించిందే. మీ కష్టాన్ని తక్కువ చేయడం లేదు. కానీ ఆ మోడల్ పక్కన నిలబడ్డ పిల్లను "మన సూర్యలంకలో పగడాలు ఎందుకు లేవమ్మా?" అని అడిగి చూడండి. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ గురించి గడగడా చెప్పే పిల్ల అక్కడ ఆగిపోతుంది.

జవాబు కష్టమైనదేం కాదు. పగడం మొక్క కాదు, రాయి కాదు, జంతువు. దాని ఒంట్లో కంటికి ఆనని నాచు కాపురం ఉంటుంది. ఎండ తగిలితే ఆ నాచు ఆహారం తయారుచేస్తుంది, పగడం తింటుంది. దాని రంగు కూడా చాలావరకు ఆ నాచు వల్లే. కాబట్టి ఎండ లోపలికి దిగే తేట ఉప్పునీళ్లు కావాలి. మనకేమో కృష్ణమ్మ మంచినీళ్లూ ఒండ్రూ తెచ్చి సముద్రంలో కలుపుతుంది. తెనాలి పొలాలకు బంగారమైన ఆ ఒండ్రే పగడానికి పడదు. అందుకే మన దేశంలో పగడపు దిబ్బలు ముఖ్యంగా లక్షద్వీప్, అండమాన్ నికోబార్, మన్నార్, కచ్ సింధుశాఖల్లో ఉన్నాయి.

అయితే వాటికి కాపలా కాసేది మాత్రం సముద్రమే లేని మన హైదరాబాద్! ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. సునామీ హెచ్చరికలు ఇచ్చేది వాళ్లే. ఉపగ్రహాల ద్వారా సముద్రం పైనీళ్ల వేడి కొలిచి, ఏ దిబ్బల దగ్గర ఎన్ని వారాలుగా వేడి ఎక్కువైందో లెక్కగట్టి, 2011 నుంచి పగడాల హెచ్చరికలు కూడా ఇస్తున్నారు. మామూలు వేసవి కంటే ఒక్క డిగ్రీ పెరిగి, అలాగే కొన్ని వారాలు ఉంటే చాలు, పగడం తన నాచును బయటికి నెట్టేసి తెల్లబడిపోతుంది. వెంటనే చచ్చిపోదు. నీళ్లు చల్లబడితే కోలుకోవచ్చు, లేకపోతే ఆకలితో పోతుంది. 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి ఇలా జరుగుతోందని ప్రకటించారు. ఆ వేసవిలో లక్షద్వీప్ దిబ్బలూ తెల్లబడ్డాయి. (రంగు వేయని థర్మోకోల్ మోడలే అసలు సంగతి చెబుతుందన్నమాట.) చేపలు ఎక్కడ దొరకవచ్చో మత్స్యకారులకు ఇన్‌కాయిస్ చెప్పేది కూడా నీళ్ల వేడి లెక్కల సాయంతోనే. అంటే లక్షద్వీప్ పగడానికి, నిజాంపట్నం పడవకు పనికొచ్చేది ఒకే శాస్త్రం.

మరి మన తీరానికి పగడపు దిబ్బ లాంటిది ఏదీ లేదా? ఉంది. రేపల్లె దాటి సముద్రం వైపు వెళితే కనిపించే మడ అడవులు. రొయ్య పిల్లలు, పీతలు, చేప పిల్లలు పెరిగేది అక్కడే. కెరటాల జోరు తగ్గించేవీ అవే. 1977 నవంబర్ 19 ఉప్పెన చూసిన తాతయ్యలు, అమ్మమ్మలు మన పిల్లల ఇళ్లలో ఇంకా ఉన్నారు. పెనుమూడి వారధి దాటితే దివిసీమే కదా. తీరంలో అడవి ఎందుకు ఉండాలో వాళ్లను అడిగితే నా కంటే బాగా చెబుతారు.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను. సూర్యలంక మనకు పిక్నిక్ స్పాట్‌గా మిగిలిపోకూడదు, మడ అడవి పాఠంలో ఒక్క మార్కు బిట్‌గా మిగిలిపోకూడదు. బురదలోంచి పెన్సిళ్లలా పైకి లేచిన ఊపిరి వేర్లను పిల్లలు కళ్లతో చూడాలి. మడ ఆకు మీద ఉప్పు వేలికి తగలాలి. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే ప్రమాదం కాబట్టి తెలిసినవాళ్లు పక్కన ఉండాలి, అటవీశాఖ అనుమతి కూడా తీసుకోవాలి. చేయలేని పనులేమీ కావు ఇవి.

"ఇదంతా నీట్‌లో వస్తుందా మేడమ్?" అని పేరెంట్స్ మీటింగ్‌లో అడుగుతారని తెలుసు. అందరూ సముద్ర శాస్త్రవేత్తలు కావాలని నేను అనడం లేదు. కానీ ఆంధ్రా యూనివర్సిటీలో సముద్ర శాస్త్రాలు, ముత్తుకూరులో ఫిషరీస్ కాలేజీ ఉన్నాయని మనలో ఎంతమంది పిల్లలకు చెప్పాం? సముద్రం వేడిని లెక్కగట్టే పని ఎంపీసీ పిల్లలది కూడా.

ఇంకో మాట. మన పేరెంట్స్‌లో రొయ్యల చెరువులు ఉన్నవారూ ఉన్నారు. మడ అడవి చూసొచ్చిన పిల్ల సాయంత్రం "నాన్నా, మన చెరువు నీళ్లు ఏ కాలువలోకి వదులుతున్నారు?" అని అడగొచ్చు. దయచేసి కసురుకోకండి. చెరువే కదా ఆ పిల్ల ఫీజు కట్టేది, ఆ సంగతి నాకూ తెలుసు. కానీ ఆ చెరువు బాగుండాలన్నా కాలువ, ఉప్పుటేరు బాగుండాలి. తెలిసింది చెప్పండి, తెలియనిది ఇద్దరూ కలిసి కనుక్కోండి.

చలికాలంలో ఒక్క శనివారం ఇవ్వమని మా ప్రిన్సిపాల్ మేడమ్‌ని అడగబోతున్నాను. యూనిట్ టెస్ట్‌కు అడ్డం రాకుండా చూస్తాను. సమ్మతి పత్రం వస్తే సంతకం చేసి పంపండి. పాత చెప్పులు వేయండి, ఒక జత బట్టలు బ్యాగులో పెట్టండి. బురద మోకాళ్ల దాకా అంటుతుంది.