డాక్టర్ ఓకే అన్నా ఇన్సూరెన్స్ నో.. బరువు తగ్గించే సర్జరీకి అసలు రూల్ ఏంటి?

విశాఖ జిల్లా పద్మనాభం మండలంలో ఓ గృహిణి ఉన్నారనుకుందాం. ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 95 కిలోలు. బీపీ ఉంది. మోకాళ్ల నొప్పులతో పది మెట్లు ఎక్కాలన్నా కష్టమే. సిటీలో డాక్టర్‌కి చూపిస్తే బేరియాట్రిక్ సర్జరీ మంచిదన్నారు. చేతిలో హెల్త్ పాలసీ కూడా ఉంది. అయినా క్లెయిమ్ రిజెక్ట్ అయ్యే అవకాశమే ఎక్కువ. ఎందుకు?

రూల్ ఏం చెబుతోంది?

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలే దీనికి ఆధారం. వాటి ప్రకారం పేషెంట్‌కు 18 ఏళ్లు నిండాలి, సర్జరీని డాక్టర్ సూచించాలి. బీఎంఐ 40 లేదా అంతకు మించి ఉండాలి. 35 దాటితే మరో షరతు ఉంది. ఊబకాయం వల్ల వచ్చిన గుండె కండరాల జబ్బు, కరొనరీ గుండె జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపులో లేని టైప్-2 షుగర్.. ఈ నాలుగింటిలో ఒకటైనా ఉండాలి. డైట్, వ్యాయామం లాంటి మార్గాలు ఫలించలేదని కూడా తేలాలి.

పైన చెప్పిన గృహిణి బీఎంఐ 37. కానీ బీపీ, మోకాళ్ల నొప్పులు ఆ లిస్టులో లేవు. పీసీఓఎస్, ఫ్యాటీ లివర్ కూడా లేవు. చిక్కంతా ఇక్కడే.

డాక్టర్ల లెక్క వేరు

40, 35 అనే అంకెలు 1991లో అమెరికాలో కుదిరిన ఏకాభిప్రాయం నాటివి. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు వాటిని సవరించాయి. బీఎంఐ 35 దాటితే వేరే జబ్బు లేకున్నా సర్జరీ సూచించవచ్చన్నాయి. తక్కువ బీఎంఐకే షుగర్, గుండె జబ్బులు వస్తున్నందున ఆసియా వాసులకు హద్దు ఇంకా తగ్గించాయి. బీమా రూల్ మాత్రం పాత అంకెల దగ్గరే ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం ఏపీ మహిళల్లో 36.3 శాతం మంది అధిక బరువు లేదా ఊబకాయంతో ఉన్నారు. అంటే ఇది కొద్దిమంది సమస్య కాదు.

మరి ఏం చేయాలి?

అప్రూవల్ తేలేది ఫైల్‌లోనే. గురక, పగటి నిద్ర ఉంటే స్లీప్ స్టడీ చేయించుకోవాలి. అందులో తీవ్రమైన ఆప్నియా బయటపడితే ఇదే గృహిణి అర్హురాలవుతారు. షుగర్ ఉంటే మందులు వాడినా తగ్గలేదని చూపే హెచ్‌బీఏ1సీ రిపోర్టులు, డైటీషియన్ చీటీలు, బరువు రికార్డులు తేదీలతో సహా దాచుకోవాలి.

పాలసీ తీసుకునేటప్పుడు షుగర్ సంగతి దాచొద్దు. ముందే ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ ఇప్పుడు గరిష్ఠంగా మూడేళ్లే. కంపెనీ ఇచ్చే గ్రూప్ పాలసీ అయితే షరతులు వేరుగా ఉండొచ్చు, ఒకసారి చదువుకోవాలి.

రిజెక్ట్ చేస్తే కారణం రాతపూర్వకంగా అడగాలి. ముందు కంపెనీకే ఫిర్యాదు చేయాలి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించొచ్చు. దీనికి ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. అయితే అక్కడ కూడా మాట్లాడేది రిపోర్టులే. అందుకే సర్జరీ డేట్ కంటే ముందు ఫైల్ రెడీ కావాలి.