చేప ఒళ్ళు రుద్దుకుంటుంటే



మా మనుమడికి ఎనిమిదేళ్ళు. వాడి పోరు పడలేక ఒక గాజు తొట్టె కొని ముందు గదిలో పెట్టాము. అందులో మూడు బంగారు చేపలు ఏడాదిగా హాయిగా పెరిగాయి. కిందటి క్రిస్మస్ సెలవుల్లో పట్నం నుండి మరో రెండు చేపలు తెచ్చి, సంచి విప్పి, నేరుగా తొట్టెలో వదిలాము. వారం తిరక్కముందే వాడు పరుగున వచ్చి, "తాతయ్యా, పెద్ద చేప రాయికి ఒళ్ళు రుద్దుకుంటోంది, వచ్చి చూడు" అన్నాడు. నేను పేపరులోంచి తల ఎత్తకుండానే "ఆడుకుంటోందిలేరా" అన్నాను. ఆ మాట అన్నందుకు ఈ రోజుకీ నొచ్చుకుంటున్నాను.

చేపకు చేతులు లేవు. దురద పుడితే రాయికో, గాజుకో, అడుగునున్న ఇసుకకో ఒళ్ళు రాసుకోవలసిందే. సముద్రంలోనూ అంతే. ట్యూనా వంటి పెద్ద చేపలు వెళ్ళి సొరచేపల ఒంటికి రాసుకుంటాయని ఆస్ట్రేలియా పరిశోధకులు నీటి అడుగున కెమెరాలు పెట్టి చూసి 2022లో ప్రకటించారు. సొరచేప చర్మం ఉప్పు కాగితంలా గరుకుగా ఉంటుంది మరి! కాబట్టి ఏ చేపయినా రోజులో ఒకటి రెండు సార్లు రుద్దుకున్నంత మాత్రాన కంగారు పడనక్కరలేదు. పదేపదే రుద్దుకుంటున్నా, ఒకదాని తరువాత ఒకటిగా అన్నీ మొదలుపెట్టినా అది ఆట కాదు.

అప్పుడు ముందుగా ఒక ప్రశ్న వేసుకోవాలి. దీనికి ముందు మనం ఏమి చేశాము?

నీళ్ళు మార్చిన గంటలోపే రుద్దుకోవడం మొదలైతే తప్పు నీటిలోనే ఉండవచ్చు. కుళాయి చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది మన దేశపు తాగునీటి ప్రమాణం. మనలను రోగాల నుండి కాపాడే ఆ కాస్త క్లోరినే చేప మొప్పలను మండిస్తుంది. బ్లీచింగ్ పౌడరు కలిపిన నీటిని వెడల్పాటి తొట్టెలో ఒక రోజు ఆరుబయట ఉంచి వాడుకోవాలి. లేదా చేపల దుకాణంలో అమ్మే యాంటీ క్లోరిన్ చుక్కలు కలపాలి. ఒకేసారి నీరంతా పారబోయకుండా నాలుగో వంతు మాత్రమే మార్చడం మంచిది.

కొత్తగా పెట్టిన తొట్టె అయితే అమోనియాను అనుమానించాలి. చేపలు విసర్జించేది, తినకుండా మిగిలి కుళ్ళిన మేత కలిసి అమోనియా అవుతుంది. దానిని హరించే మంచి సూక్ష్మజీవులు తొట్టెలో స్థిరపడటానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అందాకా చేపలు తక్కువగా, మేత ఇంకా తక్కువగా ఉండాలి.

కొత్త చేపలు తెచ్చిన కొన్నాళ్ళకు మొదలై, రోజురోజుకూ ఎక్కువవుతుంటే అది పరాన్నజీవుల పని కావచ్చు. మా ఇంట జరిగింది ఇదే. మనుమడు చెప్పిన మూడో రోజుకు చేపల తోకల మీద, రెక్కల మీద రవ్వ గింజలు చల్లినట్టు తెల్లని చుక్కలు కనిపించాయి. దుకాణంలో మందు తెచ్చి రెండు రోజులు వేశాము. చుక్కలు మాయమయ్యాయి. జబ్బు నయమైందని సంతోషించి మందు ఆపేశాము. పది రోజులకు ఆ చుక్కలే మరింత దట్టంగా వచ్చాయి. అయిదింటిలో మూడు చేపలు చనిపోయాయి. "నేను ముందే చెప్పాను కదా తాతయ్యా" అని వాడు ఏడుస్తుంటే జవాబు చెప్పలేకపోయాను.

మా తప్పు ఏమిటో చేపల చెరువులు చేసే మా పొరుగాయన విప్పి చెప్పాడు. "మాస్టారూ, చుక్కలు పోయింది మందుకు కాదండీ, పురుగు దిగిపోయింది, అంతే" అన్నాడు. ఆ తెల్ల చుక్కల జీవికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరుకు 'చాలామంది పిల్లలున్న చేప పేను' అని అర్థం. నిజానికి అది పేను కాదు, ఒకే కణం గల జీవి. చేప చర్మం కింద దాగి తిని బలిసి, అడుగుకు రాలిపోతుంది. అక్కడ గూడు కట్టుకుని వందల పిల్లలుగా చీలుతుంది. ఆ పిల్లలు ఒకటి రెండు రోజుల్లో మరో చేపను పట్టుకోలేకపోతే చచ్చిపోతాయి. చర్మం కింద ఉన్నప్పుడు గాని, గూటిలో ఉన్నప్పుడు గాని మందు వాటిని అంటదు. నీటిలో ఈదే ఆ పిల్లల మీదే మందు పనిచేస్తుంది. నీరు 25 డిగ్రీలుంటే ఈ చక్రమంతా వారంలోపే తిరుగుతుంది. చలికాలంలో వారాలు పడుతుంది. అందుచేత చుక్కలు పోయాక కూడా మరో వారం పది రోజులు వైద్యం సాగించాలి.

ఇది మొదట మొప్పలను పట్టవచ్చు. అప్పుడు ఒంటి మీద చుక్క ఒక్కటీ కనిపించదు. రుద్దుకోవడంతో పాటు చేప రొప్పుతున్నా, నీటి పైకి వచ్చి గాలి మింగుతున్నా, మేత ముట్టకపోయినా, రెక్కలు ముడుచుకుని మూలన నిలిచినా ఆలస్యం చేయవద్దు. ముందు కొంత నీరు మార్చండి. బంగారు చేపలు లీటరుకు 2 నుండి 3 గ్రాముల ఉప్పును తట్టుకుంటాయి. దానిని ఒక్కసారిగా కుమ్మరించకుండా రెండు రోజుల్లో కొద్దికొద్దిగా కరిగించి పోయాలి. తొట్టెలో నీటి మొక్కలుంటే ఉప్పు వాటిని చంపవచ్చు. దుకాణపు మందు వాడితే సీసా మీద రాసిన కొలత దాటవద్దు.

చెరువులున్న పాఠకులకు ఒక మాట. బొచ్చె, శీలావతి గట్లకు, కర్రలకు ఒళ్ళు రాసుకుంటుంటే ఒకటి రెండు చేపలను పట్టి చూడండి. బల్లపరుపుగా, కంటికి కనిపించేంత పేను అంటుకుని ఉండవచ్చు. అది గుడ్లను కర్రలకు, రాళ్ళకు వరుసగా అంటిస్తుంది. చెరువులో కొన్ని కర్రలు పాతి, వాటిని తరచుగా తీసి ఎండలో ఆరబెడితే ఆ గుడ్లు చచ్చిపోతాయి. మందు విషయం మాత్రం మత్స్యశాఖ వారిని అడిగే చేయండి. అలంకార చేపలకు వాడే మలకైట్ గ్రీన్ వంటిది మనం తినే చేపలకు వాడకూడదు.

ఇప్పుడు మా ఇంట ఏ కొత్త చేప వచ్చినా మూడు వారాలు వేరే టబ్బులో ఉంచి గాని తొట్టెలో వేయము. మిగిలిన రెండు చేపలూ కోలుకున్నాయి. రోజూ మేత వేసేటప్పుడు మా మనుమడు అయిదు నిమిషాలు వాటిని కనిపెట్టి చూస్తాడు. జబ్బును ముందుగా పసిగట్టేది ఆ చూపే. అందుకని మీ ఇంట పిల్లలు చేపను చూడమని పిలిస్తే, చేతిలో పని కాసేపు ఆపి లేచి వెళ్ళండి.