యూనిఫాం విప్పాక

నవంబరు వచ్చిందంటే విడవలూరులాంటి ఊళ్లలో పింఛను తీసుకునే మాజీ జవాన్లకు లైఫ్ సర్టిఫికెట్ పని పడుతుంది. పొలంపనికి అరిగిన వేలిముద్ర మెషీన్‌ మీద ఒక పట్టాన పడదు. తుడుచుకుని మళ్లీ పెట్టాలి. నలభై నిండకముందే ఇంటికొచ్చి, బ్యాంకు గేటు దగ్గర సెక్యూరిటీ ఉద్యోగం వెతుక్కునేవాళ్లు వీరిలో ఎందరో.

జనరళ్ల దారి వేరు. తెలుగువాడైన జనరల్ కె.వి.కృష్ణారావు 1981-83లో సైన్యాధిపతి. తర్వాత ఈశాన్య రాష్ట్రాలకూ, రెండుసార్లు జమ్మూకాశ్మీర్‌కూ గవర్నరు.

పొరుగున పాకిస్తాన్‌లో 2016లో రిటైరైన సైన్యాధిపతి రహీల్ షరీఫ్‌కు లాహోర్ పక్కన 90 ఎకరాలు కేటాయించారు. మాజీ సైనికుల సంక్షేమం కోసం పెట్టిన అక్కడి ఫౌజీ ఫౌండేషన్ ఎరువులు, సిమెంటు కూడా అమ్ముతుంది. అమెరికాలో భూములివ్వరు, కంపెనీ బోర్డుల్లో కుర్చీ వేస్తారు. జనరల్ లాయిడ్ ఆస్టిన్ 2016లో రిటైరై ఆయుధాల కంపెనీ రేథియాన్ బోర్డులో చేరారు, 2021లో రక్షణ మంత్రి అయ్యారు. అమ్మేవాడి పక్కన కూర్చున్న మనిషే కొనే శాఖకు పెద్ద కావడం ఏ దేశానికీ క్షేమం కాదు.

మనకూ మచ్చ ఉంది. ముంబై ఆదర్శ్ హౌసింగ్ సొసైటీలో ఫ్లాట్ల కేటాయింపు గొడవ 2010లో మాజీ సైన్యాధిపతుల గడప దాకా వెళ్లింది. మరోపక్క 1971 యుద్ధం గెలిపించిన మానెక్‌షాకు జీతం బకాయిలు, కోటి రూపాయలకు పైనే, 2007లో గానీ అందలేదు. మరుసటేడే ఆయన కన్నుమూశారు.

ఇక జవాన్ల సంగతి. ఒకే హోదాకు ఒకే పింఛను కోసం మాజీ సైనికులు 2015లో ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర నెలల తరబడి కూర్చుంటే, ఆ నవంబరులో ఉత్తర్వు వచ్చింది.