జాబ్ మానేయాలా? ముందు ఈ లెక్క చూడండి

మా ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర పది మంది కూర్చుంటే ఇద్దరికి యాక్టింగ్ పిచ్చి ఉంటుంది. ఒకడు రీల్స్ చేస్తుంటాడు. ఇంకొకడు షార్ట్ ఫిల్మ్‌లో హీరో ఫ్రెండ్ వేషం వేసి ఉంటాడు. ఇద్దరూ అడిగేది ఒకటే, ‘జాబ్ మానేసి సీరియస్‌గా ట్రై చెయ్యనా?’ అని. ఉదాహరణలూ రెడీగా ఉంటాయి. సత్యదేవ్ సాఫ్ట్‌వేర్ నుంచే వచ్చాడు, నవీన్ పోలిశెట్టి ఇంజినీరే, కిరణ్ అబ్బవరం కూడా మనలాగే కదా అంటారు.

నిజమే. కాకపోతే వాళ్ల కథల్లో మనకి మొదలూ చివరా మాత్రమే గుర్తుంటాయి. మధ్యలో ఏళ్లని స్కిప్ కొట్టేస్తాం.

నవీన్ 2012లో ‘లైఫ్ ఈజ్ బ్యూటిఫుల్’లో కనిపించాడు. హీరోగా ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ వచ్చింది 2019లో. అంటే ఏడేళ్లు. ఆ మధ్యలో ముంబైలో వెబ్ వీడియోలు చేశాడు. ఇంజినీరింగ్ క్యాంపస్ ప్లేస్‌మెంట్ల మీద చేసిన కామెడీ వీడియోతోనే చాలామందికి తెలిశాడు. ‘ఏజెంట్’ స్క్రీన్‌ప్లేలో కూడా అతని చెయ్యి ఉంది. సత్యదేవ్ చిన్న చిన్న వేషాలు వేస్తూనే ఉద్యోగం కూడా చేసుకున్నాడు. 2015లో ‘జ్యోతిలక్ష్మి’తో పెద్ద పాత్ర దొరికింది.

ఇంకో విషయం గమనించారా? అడివి శేష్ 2016లో ‘క్షణం’ రాసుకున్నాడు. సిద్ధు జొన్నలగడ్డ 2022లో వచ్చిన ‘డీజే టిల్లు’ రచనలో ఉన్నాడు. సుహాస్ యూట్యూబ్ షార్ట్ ఫిల్మ్స్ చేసి చేసి, 2020లో ‘కలర్ ఫోటో’లో హీరో అయ్యాడు. వెనక ఫ్యామిలీ లేనివాళ్లకి కలిసొచ్చిన దారి ఇది. ఎవరో పిలిచేదాకా ఆగలేదు, తమకి కావాల్సిన వేషాన్ని తామే తయారు చేసుకున్నారు, లేదా తయారు చేసే స్నేహితుల్ని సంపాదించుకున్నారు.

ఇదంతా నాకెందుకు తెలుసంటే, మా రూమ్మేట్ యాక్టర్. పగలు టెస్టింగ్, రాత్రి సెల్ఫ్ టేప్. కెమెరా పక్కన నిలబడి ఎదుటి పాత్ర డైలాగులు చదివేది నేనే. హీరోయిన్ని నేనే, ఎస్ఐని నేనే, వాళ్ల నాన్నా నేనే. ఫోన్ అడ్డంగా, కళ్ల ఎత్తులో పెట్టాలి. వెనక ఖాళీ గోడ ఉండాలి. లైటు మొహం మీద పడాలి. సౌండ్ కోసం ఫ్యాన్ ఆపాలి. ముందు పేరు, ఎత్తు, వచ్చిన భాషలు చెప్పి సీన్ చెయ్యాలి. పంపాక చాలాసార్లు రిప్లై రాదు. ‘నో’ అని కూడా ఎవరూ చెప్పరు. ఆర్నెల్ల తర్వాత ఓటీటీలో ఆ వేషంలో ఇంకొకరు కనిపిస్తే అప్పుడు తెలుస్తుంది.

పోయినేడాది ఒక వెబ్ సిరీస్‌లో నాలుగు రోజులు పని దొరికింది. డబ్బులు అయిదు నెలల తర్వాత, టీడీఎస్ కట్ అయ్యి వచ్చాయి. ఆ అయిదు నెలల అద్దె కట్టింది యాక్టింగ్ కాదు, జీతం.

వాళ్ల నాన్న మొన్న నాకు ఫోన్ చేశాడు. ‘నువ్వన్నా చెప్పు నాయనా, ఉద్యోగం మానొద్దని’ అన్నాడు. ‘ఏడాది ఖర్చు బ్యాంకులో పడేదాకా మానడు అంకుల్’ అన్నా. ‘పడ్డాక?’ అని అడిగాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు. ఎవరి దగ్గరా ఉండదు. కానీ మా వాడి దగ్గర లెక్క ఉంది. అద్దె, తిండి, ఈఎంఐ, ఇంటికి పంపేది కలిపి నెలకి ఎంతో తెలుసు. దాన్ని పన్నెండుతో గుణించి, ఆ మొత్తం చేతికొచ్చాకే రిజైన్ మెయిల్ అని రాసి పెట్టుకున్నాడు.

మీరూ ఈ దారిలో ఉంటే కొన్ని పనులు ఇప్పుడే చేసుకోండి. ఆఫర్ లెటర్‌లో బయటి పనుల గురించి ఏం రాశారో చదవండి, అవసరమైతే హెచ్ఆర్ పర్మిషన్ మెయిల్‌లోనే తీసుకోండి. షోరీల్ నిమిషంన్నర దాటనివ్వకండి, బెస్ట్ సీన్ మొదటే పెట్టండి. రెమ్యునరేషన్ ఎంత, ఎప్పుడిస్తారు అన్నది కనీసం వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. టీడీఎస్ కట్ అయితే రిటర్న్స్ ఫైల్ చెయ్యండి, పన్ను కట్టాల్సినదానికన్నా ఎక్కువ కట్ అయి ఉంటే వెనక్కి వస్తుంది.

ఆడిషన్‌కి డబ్బు అడిగితే అక్కడితో ఆపేయండి. రిజిస్ట్రేషన్ ఫీజు, ‘మా ఫొటోగ్రాఫర్ దగ్గరే పోర్ట్‌ఫోలియో’ లాంటివన్నీ ఆ బాపతే. మీ దగ్గర వసూలు చేసేవాడికి మీరు కస్టమర్, యాక్టర్ కాదు. ఆడిషన్ అని హోటల్ గదికి రమ్మంటే అబ్బాయిలైనా, అమ్మాయిలైనా వెళ్లొద్దు. ఆఫీసుకే వెళ్తున్నా ఒక ఫ్రెండ్‌కి లొకేషన్ షేర్ చేసి వెళ్లండి.

కృష్ణానగర్‌లో రూము తీసుకున్నంత మాత్రాన యాక్టర్ అయిపోరు. 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’ చూడండి. అందులో చాలామంది విశాఖలోని ఆ పేటలో ఉండే మామూలు జనమే, కెమెరా ముందుకి కొత్తగా వచ్చినవాళ్లే.

కాబట్టి జాబ్ సంగతి తర్వాత. వచ్చే మూడు నెలలు ఎవరూ పిలవలేదు అనుకోండి. ఆ మూడు నెలల్లో ఏం రాస్తారు, ఎవరితో షూట్ చేస్తారు, అద్దె ఎక్కణ్నుంచి కడతారు? ఈ మూడింటికీ సమాధానం కాగితం మీద రాయగలిగితే మీ కెరీర్ మొదలైనట్టే. రాయలేకపోతే మాత్రం ఈ నెల జీతం పడనివ్వండి.