సెలవుంది, సందడే లేదు

డిసెంబర్ 24 మధ్యాహ్నం రెండు దాటిందంటే జర్మనీలో పాల ప్యాకెట్ దొరకడం కూడా కష్టమే. షాపులు మూసేస్తారు. 25, 26 రెండు రోజులూ సెలవు. ఎంఎస్‌కి కొత్తగా వచ్చే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, 23నే బియ్యం, గుడ్లు తెచ్చి పెట్టుకోండి.

క్రిస్మస్ చెట్టు పుట్టిన దేశం కదా, పండగ అదిరిపోతుందనుకుని వచ్చాను. నవంబర్ చివర్లోనే మ్యూనిక్ నడిబొడ్డున క్రిస్మస్ సంత మొదలవుతుంది. లైట్లు, జనం, సెల్ఫీలు. తీరా 24 సాయంత్రానికి వీధిలో మనిషి కనపడడు. ఎవరింట్లో వాళ్లు, తలుపులు వేసుకుని. వీళ్లకిది ఇంటి పండగ. మాకేమో వీధి పండగ.

మాది నెల్లూరు జిల్లాలో సముద్రం పక్క ఊరు. డిసెంబర్ వస్తే గోడలకి సున్నం, వెదురు కర్రకి కాగితం నక్షత్రం. రాత్రిళ్లు డప్పులతో క్యారల్స్. తుఫాను వాన పడితే గొడుగులేసుకుని మరీ తిరుగుతాం. అమ్మ చేసే అరిసెలు, కజ్జికాయల్లో సగం పక్కిళ్లకే పోతాయి. సంక్రాంతికి వాళ్ల డబ్బాలు మా ఇంటికొస్తాయి. అక్కడ ఒంటరిగా ఉందామన్నా ఉండనివ్వరు.

మా పిన్ని కువైట్‌లో ఇంటిపని చేస్తుంది. అక్కడ క్రిస్మస్‌కి సెలవే ఉండదు. పోయినేడు 25న ఆమె రోజంతా గిన్నెలు తోముతూనే ఉంది. అక్కడ వారం సెలవు శుక్రవారం కాబట్టి, చర్చికి ఆ రోజే వెళ్లింది. తెలుగు ఆడవాళ్లంతా కలిసి పాటలు, బిర్యానీ. ఆమె పంపిన రెండు నిమిషాల వీడియోలో ఉన్న గోల మా వీధిలో నెలంతా కలిపినా లేదు. రెండు రోజుల సెలవున్న నేను దాన్ని నాలుగుసార్లు చూశాను.

ఇంటికి దూరంగా క్రిస్మస్ చేసుకోవడం మా తీరానికి కొత్తేం కాదు. కాకపోతే అప్పట్లో రివర్స్. 1840లో శామ్యూల్ డే అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ నెల్లూరు వచ్చాడు. ఉత్తరం ఓడలో వెళ్లి జవాబు రావడానికి నెలలు పట్టే రోజులు. ఏళ్లు గడిచినా చర్చిలో చేరినవాళ్లు కొద్దిమందే. 1853లో అమెరికాలో కూర్చుని ఈ మిషన్ మూసేద్దామా అని చర్చించారు. పటంలో విడిగా కనిపించిన నెల్లూరుకి ‘ఒంటరి నక్షత్రం’ అనే పేరు అప్పుడే పడింది. మూసేయలేదనుకోండి. సండే స్కూల్లో ఆవలిస్తూ విన్న ఈ కథ, ఇక్కడికొచ్చాకే నాకు బుర్రకెక్కింది.

నాకు వీడియో కాల్ ఉంది, నిజమే. మా అవ్వకి ఎనభై దాటాయి, మతిమరుపు. ఫోన్లో నన్ను చూడగానే, “ఏంది నాయనా, పాటలకు పోయినోడివి ఇంకా రాలేదే? అన్నం చల్లారిపోతా ఉంది” అంటుంది. మొదట్లో మ్యూనిక్, ఆఫీసు అంటూ వివరించేవాణ్ణి. ఇప్పుడు “వస్తా ఉండానవ్వా” అంటున్నా. వచ్చే డిసెంబర్ టికెట్ల రేట్లు రోజూ చూస్తున్నా. తగ్గినా తగ్గకపోయినా ఈ నెలాఖరుకి బుక్ చేసేస్తా.

ఈ 24న మాత్రం నలుగురు తెలుగు కుర్రాళ్లం మా ఫ్లాట్లో చేపల పులుసు పెట్టాం. ఇద్దరికి చర్చితో సంబంధమే లేదు, పులుసుతో ఉంది. చేప ఫ్రోజెన్‌ది. మామిడికాయ దొరకలేదు కాబట్టి దాన్ని నెల్లూరు పులుసు అనను. కింది ఫ్లోర్‌లో ఒక్కతే ఉండే పెద్దావిడకి గిన్నెలో పట్టుకెళ్లి ఇచ్చాను. కారం తక్కువ వేశామని చెప్పినా నమ్మలేదు. మర్నాడు గిన్నె కడిగి తెచ్చిచ్చింది. ఖాళీగా కాదు, నిండా బిస్కెట్లతో.