హక్కు మాదే, కాగితమేదీ?

అమెరికాలోని అట్లాంటాలో ఉన్న జార్జియా స్టేట్ యూనివర్సిటీ మీద 2008లో మూడు పెద్ద ప్రచురణ సంస్థలు దావా వేశాయి. అవి కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్, ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్, సేజ్. అధ్యాపకులు తమ పుస్తకాల్లోని భాగాలను డిజిటల్ ప్రతులుగా పెట్టి, అనుమతి అడగకుండా, రుసుము కట్టకుండా విద్యార్థులకు అందిస్తున్నారని వాటి ఫిర్యాదు. చదువు కోసం ఎంతమేరకు నకలు తీసుకోవచ్చన్న ప్రశ్న మీద ఆ వ్యాజ్యం 2020 దాకా నడిచింది. లోకమంతా ఆ ప్రశ్న గురించే మాట్లాడుకుంది. 2012 నాటి తీర్పులో ఉన్న మరో సంగతి మాత్రం పెద్దగా చర్చకు రాలేదు.

న్యాయమూర్తి పరిశీలించిన 74 ఆరోపణల్లో 26 గుమ్మం దగ్గరే ఆగిపోయాయి. వాటిలో కొన్నింటి విషయంలో ఆ పుస్తక భాగాన్ని ఏ విద్యార్థీ తెరిచి చూసినట్టు దాఖలా లేదు. మిగిలినవాటిలో కాపీరైట్ హక్కు తమదేనని ప్రచురణకర్తలు చూపించలేకపోయారు. ఊరికొక వకీలును పెట్టుకోగల స్తోమత ఉన్న సంస్థలవి, వాటిలో రెండింటికి శతాబ్దాల చరిత్ర ఉంది. అయినా కొన్ని పుస్తకాల విషయంలో సరైన కాగితం కోర్టు ముందు పెట్టలేకపోయాయి.

ఈ చిక్కు సంకలన గ్రంథాల్లో ఎక్కువ. పుస్తకానికి సంపాదకుడొకరు, అధ్యాయాలు రాసినవారు ఇరవై మంది. సంపాదకుడితో ఒప్పందం ఉంటుంది. అధ్యాయం రాసిన ప్రొఫెసరు సంతకం చేసిన పత్రం ఏ బీరువాలో ఉందో ఎవరికీ తెలియదు. రచయిత సంతకంతో రాతపూర్వకమైన పత్రం లేనిదే హక్కు బదిలీ కాదని అమెరికా చట్టం చెబుతుంది. పైగా అమెరికాలో పుట్టిన రచనకు రిజిస్ట్రేషన్ లేకపోతే దావాయే వేయకూడదు. దరఖాస్తు పెట్టినంత మాత్రాన చాలదని, కాపీరైట్ కార్యాలయం రిజిస్టరు చేశాకే కోర్టుకు రావాలని 2019లో అక్కడి సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది.

మన దేశంలో ఇటువంటి వ్యాజ్యం అనగానే ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలోని చిన్న జిరాక్సు దుకాణం గుర్తొస్తుంది. పాఠ్యభాగాలు కలిపి కుట్టి అమ్ముతోందని 2012లో ఆ దుకాణాన్ని, యూనివర్సిటీని కోర్టుకు లాగారు. బోధనకు అవసరమైన నకలుకు చట్టంలో మినహాయింపు ఉందని 2016లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. మరుసటి ఏడాది ప్రచురణకర్తలు దావా ఉపసంహరించుకున్నారు. విద్యార్థుల పక్షాన నిలిచిన ఆ తీర్పును అప్పుడూ ఇప్పుడూ స్వాగతించవలసిందే. అయితే అక్కడా చర్చంతా నకలు చుట్టూనే తిరిగింది. అసలు ఎవరిదన్న ప్రశ్న పక్కనే ఉండిపోయింది.

మన 1957 నాటి కాపీరైట్ చట్టం రిజిస్ట్రేషన్‌ను తప్పనిసరి చేయలేదు. రాసిన క్షణమే హక్కు పుడుతుంది. 2012లో బొంబాయి హైకోర్టు న్యాయమూర్తి ఒకరు రిజిస్ట్రేషన్ లేనిదే దావా చెల్లదన్నా, 2021లో అదే కోర్టు ఆ మాట సరికాదని తేల్చింది. 500 రూపాయలు కట్టి రిజిస్టరు చేయించుకుంటే ఆ నమోదు ప్రాథమిక సాక్ష్యంగా పనికొస్తుంది. చేయించుకోకపోతే పుస్తకం మీద ఎవరి పేరుంటే వారే రచయిత అని కోర్టు మొదట అనుకుంటుంది. కాదని నిరూపించవలసిన భారం ఎదుటివారిది. హక్కు మరొకరికి ఇవ్వాలంటే మాత్రం ఇక్కడా సంతకంతో కూడిన రాత కావాలి. అందులో గడువు రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకు అని సెక్షన్ 19 చెబుతోంది.

ఇక మన కాలేజీల సదస్సుల సంగతి చూద్దాం. రెండు రోజుల జాతీయ సదస్సు. వ్యాసకర్తలు రుసుము కట్టి పత్రం చదువుతారు. కొన్ని నెలలకు అట్ట మీద సంపాదకుడి పేరుతో లావుపాటి సంపుటి వస్తుంది. ముద్రణ వివరాల పేజీలో "సర్వహక్కులు సంపాదకుడివి" అని ఒక వాక్యం ఉంటుంది. ఆ హక్కు ఆయనకు ఎవరిచ్చారు? నలభై మంది వ్యాసకర్తల్లో ఒక్కరు కూడా సంతకం చేసి ఉండరు. వ్యాసాలను ఎంచి కూర్చిన పనితనం మీద ఆయనకు హక్కు ఉండవచ్చు, వ్యాసం మాత్రం రాసినవారిదే. రేపు ఎవరైనా అందులోంచి పది పేజీలు ఎత్తి తమ పేరుతో వేసుకుంటే సంపాదకుడు ఏ పత్రం పట్టుకుని కోర్టుకు వెళ్తాడు?

"మా పుస్తకానికి ఐఎస్‌బీఎన్ ఉందండీ" అని కొందరి ధీమా. అది పుస్తకాన్ని గుర్తుపట్టే సంఖ్య, అంతే. కాపీరైటుతో దానికి సంబంధం లేదు. సిద్ధాంత గ్రంథాలదీ ఇదే తంతు. మన విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలను ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలో పెట్టిన థీసిస్ అందరూ చదువుకోవచ్చు. చదవడానికి పెట్టింది గదా అని అచ్చేసుకోవడం కుదరదు.

కాగితం కావాలనడం అక్షరాలకు కంచె వేయడానికి కాదు. ఉదారంగా ఇవ్వాలనుకునేవారికీ అదే అవసరం. శ్రీశ్రీ 1983లో కన్నుమూశారు, ఆయన రచనల మీద హక్కులు 2043 చివరిదాకా ఉంటాయి. అంత దీర్ఘమైన గడువులో ఏ రచయిత విషయంలోనైనా వారసులు చెల్లాచెదురవుతారు, ప్రచురణాలయాలు మూతపడతాయి. అనువదిస్తామని ఎవరైనా ముందుకొస్తే అనుమతి ఎవరిని అడగాలో చెప్పేవారుండరు. ఎవరిదో తేలని పుస్తకాన్ని దొంగ భయం లేకుండా ముద్రిస్తాడు, మర్యాదస్తుడు భయపడి వదిలేస్తాడు. నష్టపోయేది పాఠకుడే.

అందుకే సదస్సుల నిర్వాహకులకు, సంకలనకర్తలకు, మాతో సహా పత్రికలవారికి ఒకటే విన్నపం. రచన పేరు, ఇస్తున్న హక్కు, గడువు, ప్రాంతం, పారితోషికం, ఇద్దరి సంతకాలు ఉన్న ఒక్క పేజీ ఒప్పందం రాసుకోండి. రచయితలారా, మీరు సంతకం చేసిన ప్రతి కాగితం నకలు మీ దగ్గర ఉంచుకోండి, అది ఎక్కడుందో ఇంట్లోవాళ్లకు చెప్పండి. పూర్తి హక్కులు అడిగే పత్రం వస్తే చదవకుండా సంతకం పెట్టకండి.