రిమోట్‌తో నేర్పేది భయమే

కుక్కలకు ట్రైనింగ్ ఇచ్చేవాళ్లలో ఇప్పుడు ఒక కథ బాగా చెలామణిలో ఉంది. మొదట్లో తానూ షాక్ కాలర్‌ను అసహ్యించుకునేవాడినని, తర్వాత సరిగ్గా వాడటం తెలిశాక మనసు మారిందని, కొత్తరకం కాలర్ షాక్ కొట్టదు, మెల్లగా తడుతుంది అంతేనని ట్రైనర్ చెబుతాడు. వీడియోల పుణ్యమా అని ఈ కథ మన హైదరాబాద్, విజయవాడ అపార్ట్‌మెంట్ల దాకా వచ్చింది. కాలర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. అభిప్రాయం మార్చుకున్నానని చెప్పే మనిషంటే మనకు గౌరవం కాబట్టి ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. వేయాలి. ఆ పరికరం పనిచేసే తీరు చూస్తే ఈ కథ నిలబడదు.

ఈ కాలర్ 1960ల చివర్లో అమెరికాలో వేటకుక్కల కోసం వాడుకలోకి వచ్చింది. ఒక జంతువు వెంట వెళ్లమంటే జింక వెంట పడి అడవిలోకి దూసుకుపోయే కుక్కను దూరం నుంచే ఆపడం దాని పని. ఇప్పటి మోడళ్లలో కరెంటును సన్నసన్నగా పెంచుకునే, తగ్గించుకునే వీలుంది, నిజమే. కానీ నేర్పే పద్ధతి చూడండి. బెల్టుకున్న రెండు లోహపు మొనలు బొచ్చు సందులోంచి చర్మానికి ఆనేలా బిగిస్తారు. అడుగు నుంచి ఒక్కో అంకె పెంచుతూ పోతారు. ఏ అంకె దగ్గర కుక్క చెవి కదిలిస్తుందో, మెడ గోక్కుంటుందో, ఎవరు ముట్టుకున్నారా అన్నట్టు తల తిప్పుతుందో అక్కడ ఆగుతారు. ఆ తర్వాత "కమ్" అని పిలిచి బటన్ నొక్కి పట్టుకుంటారు. కుక్క తమ వైపు నడక మొదలుపెట్టాకే వదులుతారు.

వస్తే కరెంటు ఆగుతుంది, రాకపోతే ఆగదు. కుక్కకు అందే పాఠం అదొక్కటే. ఆ తట్టడం నిజంగా ఏ ఇబ్బందీ పెట్టనిదైతే దాన్ని ఆపుకోవడానికి కుక్క ఎందుకు పరుగెత్తుకొస్తుంది? ఇబ్బంది ఉంది కాబట్టే పని జరుగుతోంది. ఇంట్లో సరిపోయిన అంకె వీధిలో పిల్లి కనబడగానే చాలదు. అప్పుడు వేలు డయల్ మీదికి వెళుతుంది. ఎంతవరకు వెళుతుందనేది ఆ పూట ట్రైనర్ ఓపికను బట్టి ఉంటుంది.

యజమానిని ఒప్పించడానికి ట్రైనర్లు కాలర్‌ను తమ ముంజేతికి పెట్టుకుని నొక్కి చూపిస్తారు. "చూడండి మేడమ్, ఏం కాలేదు కదా!" అంటారు. కానీ బటన్ మీద ఉన్నది ట్రైనర్ వేలే. ఎప్పుడు వస్తుందో, ఎందుకు వస్తుందో, ఎప్పుడు ఆగుతుందో ఆయనకు ముందే తెలుసు. కుక్కకు మొదట్లో ఈ మూడింటిలో ఒక్కటీ తెలియదు. 1967లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ ప్రచురించిన ప్రయోగాల్లో ఇలాంటి నిస్సహాయత ఏం చేస్తుందో బయటపడింది. తమ చేతుల్లో లేని షాకులు తిన్న కుక్కల్లో చాలావి తర్వాత తప్పించుకునే దారి ఎదురుగా ఉన్నా ప్రయత్నమే మానేశాయి. నోరెత్తకుండా పడి ఉన్న కుక్కను చూసి "ఎంత బుద్ధిగా ఉందో" అని మురిసిపోయేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అంతకంటే ప్రమాదం ఇంకోటుంది. కాలనీ పార్కులో ఒక ల్యాబ్రడార్ కుక్క, సైకిల్ తొక్కుతున్న పిల్లాడి వైపు ఉరుకుతుందనుకోండి. సరిగ్గా ఆ క్షణాన మెడ మీద చురుక్కుమంటుంది. ఉరకడం వల్ల నొప్పి వచ్చిందని మనం అనుకుంటాం. కుక్క కళ్ల ముందు ఉన్నది పిల్లాడు. పిల్లలు దగ్గరికొస్తే నొప్పి వస్తుందని అది లెక్క వేసుకుంటే ఆ లెక్కను దిద్దే బటన్ రిమోట్ మీద లేదు. మొన్నటిదాకా ఆడుకోవడానికి వెళ్లిన కుక్క రేపు మొరుగుతూ వెళ్లవచ్చు. దానికి మందుగా అంకె ఇంకాస్త పెంచమనే సలహా కూడా ఆ ట్రైనరే ఇస్తాడు.

ఇది ఊహ కాదు. నెదర్లాండ్స్‌లో కాపలా తర్ఫీదు పొందుతున్న జర్మన్ షెపర్డ్‌ల మీద 2004లో వచ్చిన అధ్యయనం, షాక్ తిన్న కుక్కలు ట్రైనింగ్ లేని వేళ పార్కులో తిరిగేటప్పుడు కూడా మిగతా వాటికంటే ఎక్కువ బెదురుగా ఉన్నాయని చూపింది. యజమాని పక్కన ఉంటే చాలు, షాక్ వస్తుందేమోనని అవి నేర్చుకున్నాయి. ఇంగ్లండ్‌లోని లింకన్ విశ్వవిద్యాలయం 2014లో ప్రచురించిన అధ్యయనం కోసం పిలిస్తే రాని, గొర్రెల వెంటపడే పెంపుడు కుక్కలు 63 తీసుకుంది. కాలర్ వాడిన ట్రైనర్లు అందులో ఆరితేరినవాళ్లే. అయినా తిండి, మెప్పుతో నేర్పిన కుక్కల కంటే కాలర్ కుక్కలు మెరుగ్గా రాలేదు.

కాలర్ పక్షం వాళ్లు ఈమధ్య 2024 నాటి అరిజోనా స్టేట్ యూనివర్సిటీ అధ్యయనాన్ని ముందు పెడుతున్నారు. దాన్ని దాచిపెట్టాల్సిన అవసరం నాకు లేదు. 19 కుక్కల్లో, పరుగెత్తే ఎర వెంట పడటం మానినవి కాలర్ కుక్కలే, తిండితో నేర్పినవి మానలేదు. గట్టి నొప్పి ఒక పనిని తొందరగా ఆపుతుందని ఎవరూ కాదనలేదు. షాక్ తగిలినప్పుడు కుక్కలు కుయ్యిమన్నాయని కూడా ఆ పరిశోధకులే రాశారు. "మెల్లగా తట్టడం" అన్న మాట అక్కడే వీగిపోయింది.

మినహాయింపుల మాటా చెప్పాలి. న్యూజిలాండ్‌లో కివి పక్షి ఎగరలేదు. కుక్క సరదాగా నోట కరిచినా దాని బలహీనమైన ఛాతీ నలిగి చచ్చిపోతుంది. అందుకే కివి జోలికి పోకుండా కుక్కలకు అక్కడ ఈ కాలర్‌తో తర్ఫీదు ఇస్తారు. ఒక జాతి మనుగడ ఒకవైపు, ఒకటి రెండు షాకులు ఒకవైపు. ఆ తూకం గురించి నిజాయతీగా వాదించుకోవచ్చు. చెవులు వినబడని కుక్కకు వణుకు మాత్రమే ఇచ్చే కాలర్‌ను పిలుపుగా వాడి, రాగానే బిస్కెట్ ఇవ్వడం అసలు వేరే విషయం. కానీ కూకట్‌పల్లి ఫ్లాట్‌లో ఉంటూ, రోజుకు పది నిమిషాలు మాత్రమే కిందికి దిగే కుక్క లీష్ లాగుతోందని దాని మెడకు కరెంటు పెట్టడానికి వీటిలో ఏదీ సాకు కాదు. దానికి కావలసింది ఇంకో గంట నడక.

కాలర్ లేకుండా కుదరదనేవాళ్లకు ఒక్కటే జవాబు. హవాయిలోని సీ లైఫ్ పార్కులో 1960ల్లో కరెన్ ప్రయర్ డాల్ఫిన్లకు నేర్పింది ఈలతో, చేపలతో. నొప్పి పెడితే డాల్ఫిన్ దూరంగా ఈదుకుంటూ పోతుంది కాబట్టి అక్కడ నేర్పేవాళ్లే తెలివి పెంచుకున్నారు. కుక్క మనల్ని వదిలి పోదు. ఆ నమ్మకాన్ని వాడుకుని మనం తెలివి పెంచుకోవడం మానేశాం.

వేల్స్ ఈ కాలర్లను 2010లోనే నిషేధించింది. జర్మనీలో 2006 నాటి కోర్టు తీర్పు వీటి వాడకానికి అడ్డుకట్ట వేసింది. జంతు ప్రవర్తన వైద్యుల అమెరికన్ సంఘం 2021లో బహుమతి పద్ధతులే వాడమంది. మన దగ్గర 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం జంతువుకు అనవసరమైన నొప్పి కలిగించడం నేరమంటుంది. మొదటి తప్పుకు జరిమానా పది నుంచి యాభై రూపాయలు. ఆ భయంతో ఎవరూ ఆగరు. అందుకే ఈ భారం డబ్బు కట్టే యజమానుల మీదే ఉంది. ట్రైనర్ రిమోట్ బయటికి తీస్తే వెనక్కి బ్యాగులో పెట్టించండి. అది లేకుండా నేర్పలేనంటే ఆ ట్రైనర్‌ను మాన్పించి, నేర్పగలిగినవాళ్లను పిలవండి.